నలభై రాజీఖుషీ కాగితాలు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు నేను చెప్పగలిగింది ఒకటే ఉంది. మీ చేత ఎవరైనా ఇంకొకరి సంతోషం గురించి రాయిస్తుంటే, అక్కడే ఆగండి. లేచి పోయి ఆ ఇంకొకరిని ఓసారి అడిగి రండి. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ముప్పై ఒక్క ఏళ్ల నౌకరీ పట్టింది. అది కూడా చీవాట్లు తింటే గానీ బుర్రకెక్కలేదు.

సూరత్‌కు అవతల కడోదరా వైపు ఒక మరమగ్గాల షెడ్డులో నేను మెహతాజీని, అంటే గుమాస్తాను. మరమగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. ఆ సాంచెల మీద పనిచేసేవాళ్లలో సగానికి పైగా మా కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేతకుటుంబాలవాళ్లే. నడిపించడం వాళ్ల పని, రాయడం నా పని. గేటు పాసులు, కిరాయి గదుల కాగితాలు, ఠాణాలో ఇవ్వాల్సిన వివరాలు, సెలవు చీటీలు, రాజీనామాలు, కొట్లాడుకున్నవాళ్ల మధ్య ఒప్పందాలు, ఏదైనా సరే గుజరాతీలో నా చేతిమీదుగానే పోవాలి. ఆ కాగితాలన్నిటిలోనూ తప్పకుండా ఉండాల్సిన మాట ఒకటుంది. రాజీఖుషీ. ఎవరి బలవంతం లేకుండా, మనసారా, సంతోషంగా అని దాని భావం. పని పోయినవాడు రాజీఖుషీతో పోయినట్టు రాయాలి. వేలు తెగినవాడు రాజీఖుషీతో రాజీపడినట్టు రాయాలి. గది ఖాళీ చేయించబడినవాడు కూడా రాజీఖుషీతోనే చేశాడు. నేను రాసిన కాగితాలన్నీ ఎవరైనా కుప్పపోసి చదివితే, ఈ భూమ్మీద మా షెడ్డంత ఆనందమయమైన చోటు ఇంకోటి లేదనుకుంటారు.

అసలు ఈ ఖుషీ అనే మాటతోనే నాకు చికాకు. అది ఒక్కచోట కుదురుగా ఉండదు. ఊరి నుంచి ఫోన్ వస్తే "అందరు ఖుషీగున్నరా?" అని అడుగుతారు. అక్కడ దానికి బతికున్నారా అని అర్థం. సేటు ఇంట్లో మనవడు పుడితే పనివాళ్లు "సేట్, మా ఖుషీ ఏది?" అంటారు. అక్కడ అది మిఠాయి డబ్బా. ఆదివారం ఎవడైనా మందు దొరికే డామన్ దాకా పోయి సోమవారం పొద్దున తూలుకుంటూ వస్తే, "నిన్న జర ఖుషీ చేసిండు" అని పక్కవాడు వెనకేసుకొస్తాడు. మా ఆవిడ "నీ ఖుషి" అన్నదంటే ఇక నా సంగతి అయిపోయినట్టే. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ రెండు మాటలు ఆమె నోట విన్న ప్రతిసారీ నేను చేసిన పని తప్పని తేలింది.

అసలైన ఖుషీని నేను ఒక్కసారి కళ్లారా చూశాను. మా షెడ్డులో ఎనిమిది సాంచెలు చూసుకునే ఒకతను ఉండేవాడు. నలభైకి దగ్గర పడిన మనిషి, మితభాషి. పెళ్లయి తొమ్మిదేళ్లయినా పిల్లల్లేరు. కరోనాకు ముందు దసరా దాటాక ఒకరోజు పని మధ్యలో సాంచెలు పక్కవాడికి అప్పజెప్పి నా బల్ల దగ్గరకు వచ్చాడు. చేతిలో పేడాల మిఠాయి డబ్బా. ఏమిటని అడిగితే నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్లీ తెరిచాడు, మళ్లీ రాలేదు. చివరికి డబ్బా నా హాజరు పుస్తకం మీద పెట్టేసి, దూది అంటుకున్న చేతులతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. పుస్తకానికి నెయ్యి అంటింది. మామూలుగా అయితే కేకలేసేవాణ్ణి. ఆ రోజు ఒక పేడా నోట్లో వేసుకుని పుస్తకం తుడుచుకున్నాను.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి ఫిబ్రవరిలో భార్యను ఊళ్లో దిగబెట్టి వచ్చాడు. కాన్పు సమయానికి సెలవు కావాలని నాతోనే చీటీ రాయించుకున్నాడు. మార్చి చివర్లో దేశం మొత్తం తలుపులేసుకుంది. సాంచెలు ఆగిపోయాయి. పగలూ రాత్రీ ఆ చప్పుడుకు అలవాటుపడ్డ మావాళ్లకు డిండోలి బస్తీలోని కిరాయి గదుల్లో నిద్రపట్టేది కాదు. ఒక్కో గదిలో ఎనిమిది మంది, పది మంది. షిఫ్టుల లెక్కన పడుకునే గదులవి. ఇప్పుడు అందరూ ఒకేసారి ఇంట్లో ఉంటే కాళ్లు చాపుకునే చోటు కూడా లేదు.

మే నెలలో రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. మనవాళ్లంతా కలిసి తెలంగాణకు ఒక బస్సు మాట్లాడుకున్నారని ఒకటి. పేర్ల పట్టీకి అనుమతి వస్తే బస్సు కదులుతుంది. దూరం దూరంగా కూర్చోవాలి కాబట్టి ముప్పై మందికే చోటు. ఆ ముప్పైలో అతని పేరుంది. కాన్పుకు ఇంకా పది పన్నెండు రోజులే ఉంది.

రెండో కబురు అడాజన్‌లోని ఇంట్లో కూర్చున్న మా సేటు దగ్గర్నుంచి. కనీసం నలభై మంది షెడ్డులోనే ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకుంటే సాంచెలు నడుపుకోవచ్చట. "మెహతాజీ, ఒక్కొక్కరి దగ్గర రాజీఖుషీ కాగితం తీసుకో. సాయంత్రంలోగా పట్టీతో సహా దాఖలు చెయ్యి" అన్నాడు.

ఇక్కడ నా గొప్ప పనితనం గురించి చెప్పాలి. ప్రతి దీపావళికి షెడ్డు తిరిగి తెరిచేటప్పుడు ఒక్కో మనిషి చేత నేను రెండేసి తెల్లకాగితాల మీద సంతకమో వేలిముద్రో వేయించుకునేవాణ్ణి. ఎప్పుడు ఏ దరఖాస్తు కావాల్సొస్తుందో తెలియదు, ప్రతిసారీ సాంచెలు ఆపించి పిలిపిస్తే సేటు ఊరుకోడు. సంతకం ముందు, రాత తరవాత. మనూరి మెహతాజీ అన్న నమ్మకంతో ఎవరూ ఎందుకని అడగలేదు. అడిగితే "నా మీద నమ్మకం లేదా?" అనేవాణ్ణి. ఆ కట్టను చూసుకుని మురిసిపోయేవాణ్ణి కూడా. ఇంతమంది నన్ను ఇంతగా నమ్ముతున్నారని. అది నమ్మకం కాదు, వాళ్లకు తీరిక లేకపోవడం అని నాకు తట్టలేదు.

లాక్‌డౌన్‌కు ముందు రోజు ఫైళ్లతో పాటు ఆ కట్టను ఇంటికి తెచ్చుకున్నాను. సేటు ఫోన్ పెట్టేయగానే కట్ట విప్పి కూర్చున్నాను. మా ఆవిడ చాయ్ తెచ్చి పక్కన పెట్టి, ఏం రాస్తున్నానో చూసింది.

"గిట్ల రాస్తే ఎట్ల? వాళ్లను ఒక్కసారన్న అడగరాదు?"

"ఏడికి పోయి అడగాలె? గల్లీల పోలీసోళ్లున్నరు. అయినా పని వద్దనేటోడు ఎవడుంటడు?"

"సరే. నీ ఖుషి."

ఆ మాటకైనా నేను ఆగి ఉండాల్సింది. నలభై కాగితాల మీద ఒకే నాలుగు వాక్యాలు రాశాను. ఇరవై దాటాక చెయ్యి ఎక్కడికి పోతోందో చూడకుండా రాసేంత వేగం వచ్చింది. కింద ఎవరి సంతకం ఉందో చూసుకోలేదు. కట్టలో పైనుంచి వచ్చినవి వచ్చినట్టు తీసి, పేర్లు పట్టీలోకి ఎక్కించి దాఖలు చేసి వచ్చాను. పట్టీలో పన్నెండో పేరు అతనిది. రాసింది నేనే. నా చెయ్యి రాసింది, నా కన్ను చదవలేదు.

ఆ దినాల్లో మా ప్రాంతం అనుమతులన్నీ ఒక బడి వరండాలో వేసిన రెండు బల్లల దగ్గర ఇచ్చేవారు. షెడ్డులో పని చేస్తామన్నవాళ్ల పట్టీలూ, ఊళ్లకు పోతామన్నవాళ్ల పట్టీలూ ఒకే అధికారి చూసేవాడు. రెండింట్లోనూ ఒకే పేరు కనిపించింది. ఇక్కడే సంతోషంగా ఉంటానని సంతకం పెట్టినవాడు బస్సులో ఎందుకు పోతాడని, బస్సు పట్టీలోంచి కొట్టేశాడు. బస్సు మర్నాడు మధ్యాహ్నం బయల్దేరాలి.

అతను నా ఇంటికి వచ్చేసరికి ఎండ మండిపోతోంది. మూతికి తువ్వాలు కట్టుకున్నాడు. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

"మెహతాజీ, నేను ఈడ్నే ఉంటనని ఖుషీతోని రాసిచ్చిన్నట. ఎప్పుడు రాసిచ్చిన, జర చెప్పు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఏదో పొరపాటయింది" అన్నాను.

"నాకైతే యాది లేదు. నీకన్న యాదున్నదా?"

అతను గట్టిగా అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, అదొక దారి. అతను అరవలేదు. తొమ్మిదేళ్ల తరవాత కడుపు పండిన భార్య అక్కడ, తను ఇక్కడ, మధ్యలో నా దస్తూరి.

"ఆమె దినాం ఫోన్ చేసి ఎప్పుడు బయల్దేరుతవని అడుగుతది. రేపు వస్తున్ననని పొద్దుగాలనే చెప్పిన. ఇప్పుడు ఏమని చెప్పాలె? మెహతాజీ నా ఖుషీ రాసిండని చెప్పాల్నా?"

మర్నాడు వరండా తెరవకముందే అతన్ని వెంటబెట్టుకుని వెళ్లి నిలబడ్డాను. అబద్ధాలకు అలవాటుపడ్డ మనిషిని కదా, మొదట మెలికే తిప్పాను. "సాబ్, ఈయన మనసు మార్చుకున్నాడు. ఇదిగో, రాజీఖుషీతో ఊరికి పోతానని కొత్త దరఖాస్తు" అన్నాను.

అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. నిద్రలేని కళ్లు. "మొన్న రాజీఖుషీతో ఉంటానన్నాడు. ఇవాళ రాజీఖుషీతో పోతానంటున్నాడు. ఇందులో ఏ ఖుషీ నిజం?" అని హిందీలో అడిగాడు.

"ఇవాళ్టిదే, సాబ్."

"అయితే మొన్నటిది అబద్ధమా?"

వెనక వరస పెరిగిపోతోంది. పక్కన అతను నా మొహంలోకే చూస్తున్నాడు. నాకు అధికారి మీద, సేటు మీద, ఆ మాట మీద, అన్నిటికంటే నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. "అబద్ధమే సాబ్. సంతకం ఆయనది, రాత నాది. ఆయనకు తెలియదు" అన్నాను.

"మరి మిగిలిన ముప్పై తొమ్మిది?"

అక్కడ నోరు మూసుకోవచ్చు. ఇదొక్కటే పొరపాటు అంటే సరిపోయేది. కానీ ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి నిజం చెప్పిన మనిషికి ఎక్కడ ఆపాలో తెలియదు. "అన్నీ అంతే సాబ్. అన్నీ తెల్లకాగితాల మీద సంతకాలే" అని ఛాతీ విరుచుకుని మరీ చెప్పాను.

అధికారి నన్ను కాసేపు పురుగును చూసినట్టు చూశాడు. బస్సు పట్టీలో అతని పేరు మళ్లీ ఎక్కించాడు. మా షెడ్డు ఫైలు మీద అడ్డంగా ఒక గీత గీసి పక్కన పడేశాడు.

మధ్యాహ్నం బస్సు కదిలింది. కిటికీలోంచి అతను నా వైపు చెయ్యెత్తాడు, అంతే. థాంక్స్ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఊరు చేరాక వాళ్లను తిన్నగా ఇంటికి పంపలేదని, ఊరి బడిలో పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉంచారని తరవాత తెలిసింది. అతను లోపల ఉండగానే కూతురు పుట్టింది. పదకొండో రోజున బంధువులెవరో బడి గేటు బయట నిలబడి, బట్టలో చుట్టిన బిడ్డను ఎత్తి చూపించారట. ఇంత చేసి చివరికి అదీ నేను సాధించింది. ఆ రోజు ఫోన్ చేశాడు. పేడాల రోజు లాగే నోట మాట రాలేదు. ఎండలో నిలబడి ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు మాత్రం వినిపించింది. నేను కూడా పిచ్చివాడిలా ఫోన్ పట్టుకుని "ఆఁ, ఆఁ" అంటూ కూర్చున్నాను.

బస్సు కదిలిన సాయంత్రానికి వెళ్దాం. ధర్మరాజులా ఫీలవుతూ ఇంటికొచ్చాను. మా ఆవిడకు జరిగిందంతా రెండుసార్లు చెప్పాను. సేటు ఫోన్ చేసి గుజరాతీలో ఉన్న తిట్లన్నీ తిట్టి, చివర్లో, "ఇంకెప్పుడైనా నిజం చెప్పాలనిపిస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి, మెహతాజీ" అని పెట్టేశాడు. ఆ తిట్లు కూడా నాకు దండలేసినట్టే అనిపించాయి.

తెల్లారి లేచి తలుపు తీస్తే గల్లీలో పాతికమంది. గోడల వెంట దూరం దూరంగా, మూతులకు తువ్వాళ్లు, కొంగులు. అందరూ మా షెడ్డువాళ్లే. మెచ్చుకోవడానికి వచ్చారనుకున్నాను. ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే సిగ్గేస్తుంది.

నూలు కండెలు చుట్టే ఒకామె ముందుకొచ్చింది. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలతో ఇక్కడే ఉండిపోయిన మనిషి. నాకంటే పదేళ్లు చిన్నది, నన్ను అన్నా అని పిలుస్తుంది.

"షెడ్డు తెరుస్తలేరట గద అన్నా. నువ్వే బంద్ పెట్టించినవట."

"బంద్ పెట్టించలేదమ్మా. మీ చేత జబర్దస్తీగ రాయించుకున్న కాగితాలు రద్దు చేయించిన. మీ కోసమే."

"మా కోసమా? మేం పని చెయ్యం అని నీకు ఎవరు చెప్పిన్రు?"

ఆమె మూతి మీది కొంగు కిందికి లాగింది.

"ఇంట్ల బియ్యం అయిపోయి రెండు దినాలాయె. షెడ్డు తెరుస్తరని కండ్లల్ల ఒత్తులేసుకోని చూస్తున్నం. ఖుషీ అని రాసేటప్పుడు మమ్మల్ని అడగకపోతివి. కొట్టేసేటప్పుడన్న అడగాలె గద? రాసేది నువ్వే, కొట్టేసేది నువ్వే. మేమున్నమా లేమా నడుమ?"

ఎవరూ ఆమెను ఆపలేదు. వెనక నుంచి ఒకడు "చెప్పు మెహతాజీ" అన్నాడు. మా ఆవిడ లోపల తలుపు పక్కన నిలబడి వింటోంది. 

నిజం చెప్పిన మరుసటి పూటే ఇన్ని చీవాట్లు తినాల్సి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నేను అబద్ధంలోనే హాయిగా రిటైరయ్యేవాణ్ణి. ఉక్రోషంతో లోపలికి వెళ్లాను. తెల్లకాగితాల కట్ట అక్కడే ఉంది, కింద సంతకాలతో, వేలిముద్రలతో. అన్నీ చించేశాను. కొత్త కాగితాలు పట్టుకుని గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, "ఒక్కొక్కరు రాండ్రి. ఏం రాయాలో చెప్పుండ్రి. మీరు చెప్పిందే రాస్త, చదివి వినిపిస్త. గప్పుడే సంతకం" అన్నాను.

మొదటివాడు నన్ను అనుమానంగా చూశాడు. "ఏం చెప్పాలె? ఎప్పుడన్న అడిగినవా?" అన్నాడు. తరవాత మాటలు వచ్చాయి. సేటు రెండు పూటల తిండి పెడితే ఉంట, పెట్టకపోతే పోత అని రాయమన్నాడు ఒకడు. గదిల పదిమందిమి పడుకుంటున్నం, షెడ్డుల గాలన్న తలుగుతదని ఇంకొకడు. నేను పోకపోతే నా సాంచెలు వేరేటోళ్లకు ఇస్తరని భయమని ఒక పెద్దాయన చెప్పి, భయం అన్న మాట రాశానా లేదా అని రెండుసార్లు అడిగాడు. ఐదుగురు పనికి రాం అన్నారు. జబ్బంటే భయమన్నారు, వాళ్లకు కాగితమే రాయలేదు. రాకుండా ఉన్నవాళ్ల గదుల దగ్గరికి గల్లీ గల్లీ తిరిగి అడిగాను. పోలీసులు రెండుచోట్ల ఆపారు. మొత్తం ముప్పై నాలుగు కాగితాలయ్యాయి. ఒక్కటంటే ఒక్కదాంట్లో ఖుషీ అన్న మాట లేదు. ఎవరూ చెప్పలేదు, నేను రాయలేదు.

అవి పట్టుకుని గర్వంగా వరండాకు వెళ్లాను. అధికారి నాలుగైదు చదివాడు. తక్కువైన ఆరుగురి గురించి ఏమీ అనలేదు. "ఇవేమిటి, చుట్టాలకు రాసిన ఉత్తరాలా? రాజీఖుషీ ఏది?" అన్నాడు.

"వాళ్లు ఆ మాట అనలేదు, సాబ్."

"అనకపోయినా ఉండాలి. అది లేకపోతే పైన తీసుకోరు. ఆ బెంచీ మీద కూర్చుని అన్నిటికీ ఒక్కో లైను కలిపి ఇవ్వు, ఇప్పుడే పాస్ చేసేస్తాను."

సంతకాల పైన ఒక లైనుకు సరిపడా చోటు ప్రతి కాగితంలోనూ ఉంది. అరగంట పని. బెంచీ మీద కూర్చుని కలం తీశాను కూడా. మొదటి కాగితంలో భయం అన్న మాట కనిపించింది. కాగితాలన్నీ మడిచి సంచిలో పెట్టుకుని, అధికారి ఏదో అంటుంటే వినిపించుకోకుండా ఇంటికొచ్చేశాను. ఆ ముప్పై నాలుగూ మళ్లీ మొదటి నుంచి రాశాను. వాళ్లు చెప్పింది పైన, సర్కారు అడిగింది కింద.

సాయంత్రం ఐదింటికి అందరినీ మళ్లీ పిలిచి ఒక్కొక్కటే చదివి వినిపించాను. సేటు తిండి పెట్టకపోతే పోత, రాజీఖుషీతో ఉంటున్న. సాంచెలు పోతయని భయం, రాజీఖుషీతో వస్తున్న. మొదట ఒకడు నవ్వాడు, తరవాత గల్లీ అంతా నవ్వింది. నేను నవ్వలేదు. చేతులు శానిటైజర్‌తో తుడుచుకున్నాక ముద్ర వేయించాలి కదా, తడికి ఇంకు అలుక్కుపోయి కాగితాలు పాడవుతున్నాయి. నా చికాకు నాది.

చివర్లో కండెలు చుట్టే ఆమె వంతు. చదివాను. "ఇంట్ల బియ్యం లేవు, పిల్లలు ఆకలి మీద ఉన్నరు, అందుకే పనికి వస్తున్న. రాజీఖుషీతో వస్తున్న."

"మళ్ల చదువు, అన్నా."

మళ్లీ చదివాను.

"మొదటిది నా మాట. ఎనకది సర్కారుది. అంతేనా?"

"అంతేనమ్మా."

"బియ్యం అన్న మాట యాడుంది?"

వేలుతో చూపించాను. ముద్ర వేయాల్సింది కింద, రాజీఖుషీ అన్న మాట పక్కన. అందరూ అక్కడే వేశారు. ఆమె వేలిని కొంగుతో పొడిగా తుడుచుకుని, ఇంకు అద్దుకుని, నేను చూపించిన చోట బియ్యం మీద గట్టిగా ఒత్తింది. అది చోటు కాదని నేను చెప్పలేదు.